ఐదు నిమిషాల పందెం, ఆరు ఆంపియర్ల ఓపిక

జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన టామియా కంపెనీ 1976లో తన మొదటి రేడియో కంట్రోల్ కారును అమ్మకానికి పెట్టింది. అసలు కారులో పన్నెండో వంతు కొలతతో చేసిన పోర్షె 934 అది. ఆ బొమ్మ కోసం కంపెనీ నిజమైన పోర్షె 911 ఒకదాన్ని కొని, విప్పి, లోపలి కొలతలు తీసుకుంది. అంత శ్రద్ధగా చేయించిన అచ్చుల మీద పెట్టిన డబ్బు, బీరువాలో పెట్టుకునే నమూనాల అమ్మకంతో తిరిగొచ్చేలా లేదు. అదే అచ్చును ఇంకో పనికి వాడుకోవాలి. మోటారు, బ్యాటరీ పెట్టి నడిపిస్తే? రేడియో లేకుండా 9,800 యెన్లకు పెట్టిన ఆ కిట్ మొదటి ఏడాదిలోనే లక్షకు పైగా అమ్ముడుపోయింది. ఖర్చు రాబట్టుకోవడానికి పుట్టిన వస్తువు కాబట్టేమో, ఈ ఆట అర్ధశతాబ్దంగా ఖర్చుతోనే కుస్తీ పడుతోంది.

ఆ వంశంలో ఇప్పుడు కొత్తవాళ్ల చేతికి ఎక్కువగా వచ్చే కారు టీటీ-02. 2013లో వచ్చింది. పదో వంతు కొలత, నాలుగు చక్రాలకూ బలం అందే ఏర్పాటు, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 257 మిల్లీమీటర్ల దూరం. ఎక్స్‌రే, యోకోమో లాంటి కంపెనీల పై తరగతి పందెం కారు ధరలో ఇది నాలుగో వంతో ఐదో వంతో ఉంటుంది. చవక వస్తువును చులకనగా చూడడం మనకు అలవాటు. కానీ తక్కువ డబ్బులో ఎంత పని చేయించవచ్చో ఆలోచించినవాడి తెలివి చూడాలంటే ఖరీదైన కారు కంటే ఈ కారునే విప్పాలి.

నిజానికి విప్పడం కాదు, బిగించడం. పెట్టె తెరిస్తే అందులో కారు ఉండదు. ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని ఉన్న భాగాలు, అక్షరాల గుర్తులు వేసిన సంచుల్లో స్క్రూలు, చిన్న గ్రీజు ట్యూబు, రంగు వేయని పారదర్శకమైన పై తొడుగు, ఒక పుస్తకం ఉంటాయి. ఆ పుస్తకం గీసినవాళ్లకు దండం పెట్టాలి. అందులో ప్రతి స్క్రూ బొమ్మా అసలు సైజులోనే ఉంటుంది. చేతిలో ఉన్నది ఎనిమిది మిల్లీమీటర్లదో పది మిల్లీమీటర్లదో అనుమానం వస్తే స్కేలు వెతుక్కోనక్కర్లేదు, స్క్రూను తీసి బొమ్మ మీద పడుకోబెడితే తేలిపోతుంది. ఏ మెట్టులో ఏ సంచి విప్పాలో ఆ మెట్టు పక్కనే ఉంటుంది. జపాన్ భాష, ఇంగ్లిషు రెండూ రాని పిల్లవాడు కూడా బొమ్మలు చూసి కారు నిలబెట్టగలడు.

ఆ స్క్రూల తల మీద ఉన్న ప్లస్ గాడి జపాన్ ప్రమాణానిది. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన అందులో పూర్తిగా ఒదగదు. గట్టిగా తిప్పితే పైకి జారి గాడిని అరగదీస్తుంది. అందుకని జపాన్ ప్రమాణం స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోవడం దుబారా కాదు. ఇవి ప్లాస్టిక్‌లో తమ మరను తామే కోసుకుంటూ దిగే స్క్రూలు. ఒకసారి విప్పి మళ్లీ బిగించేటప్పుడు, అలవాటైన చెయ్యి ముందు వెనక్కి తిప్పుతుంది. పాత మర మొదలు దగ్గరికి రాగానే స్క్రూ టిక్కుమని ఒక్క మెట్టు దిగుతుంది. అప్పుడు ముందుకు తిప్పితే పాత దారినే పోతుంది. ఈ చిన్న మర్యాద పాటించని చేతిలో ప్రతిసారీ కొత్త మర కోసుకుపోతుంది, కొన్నాళ్లకు రంధ్రం వదులవుతుంది. ఒక్క రంధ్రం పాడైతే ఛాసిస్ మొత్తం మార్చాలి.

ఆ ఛాసిస్ ఒకే ముక్కగా పోత పోసిన ప్లాస్టిక్ తొట్టి. అడుగు పలక, పక్క గోడలు, బ్యాటరీ గూడు, మోటారు గూడు, ముందూ వెనకా గేరు పెట్టెల కింది సగాలు అన్నీ అందులోనే వచ్చేస్తాయి. విడి భాగాలు తగ్గితే వాటిని కలిపే స్క్రూలు తగ్గుతాయి, వదులయ్యే చోట్లు తగ్గుతాయి. మోటారు ఇరుసు మీది చిన్న గేరును పినియన్ అంటారు, దానికి 22 పళ్లు. అది తిప్పే పెద్ద గేరు స్పర్, దానికి 70. స్పర్ నుంచి కారు నడుమ పొడవునా ఒక కడ్డీ ముందుకూ వెనక్కూ బలాన్ని తీసుకెళుతుంది. రెండు చివర్లా బెవెల్ గేర్లు ఆ తిరుగుడును తొంభై డిగ్రీలు మళ్లించి చక్రాల వైపు పంపిస్తాయి, ఆ మలుపులోనే ఇంకో 2.6 రెట్ల తగ్గింపు ఉంటుంది. 70ని 22తో భాగించి 2.6తో హెచ్చిస్తే 8.27. మోటారు ఎనిమిది చుట్లు పైచిలుకు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందన్న మాట. ఈ ఒక్క అంకె మీదే వేగం, ఆరంభపు ఊపు, మోటారు వేడి, బ్యాటరీ ఖర్చు నాలుగూ ఆధారపడి ఉంటాయి. దాన్ని మార్చాలంటే కొనాల్సింది వేళ్ల మధ్య పట్టే పినియన్ ఒక్కటే. ఈ ఆటలో ఇంత తక్కువ డబ్బుకు ఇంత తేడా చూపించే వస్తువు ఇంకొకటి లేదు.

కాదు, ఇంకొకటి ఉంది. కిట్‌లో తిరిగే ప్రతి ఇరుసు కిందా ప్లాస్టిక్ బుష్ ఇస్తారు. కొత్తలో బాగానే తిరుగుతుంది. దుమ్ము చేరిందంటే సానరాయి పని చేస్తుంది. బుష్ గుంత పడుతుంది, ఇరుసు ఊగుతుంది, గేరు పళ్లు ఒకదానికొకటి సరిగా కూర్చోక అరుగుతాయి. వాటి చోట అయిదు మిల్లీమీటర్ల రంధ్రం, పదకొండు మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న బాల్ బేరింగులు పెడితే ఈ వరస మొత్తం మొదట్లోనే ఆగిపోతుంది. రంగు రంగుల అల్యూమినియం భాగాల మోజులో పడి బేరింగులను వాయిదా వేసేవాళ్లను చూస్తే, ఇంటికి రంగులేసి పునాది మరిచిపోయినట్టు ఉంటుంది.

మామూలు టీటీ-02 కిట్‌లో షాక్ అబ్జార్బర్లు చూడడానికి స్ప్రింగు చుట్టిన అసలువాటిలాగే ఉంటాయి, లోపల మాత్రం నూనె ఉండదు. కడ్డీ గొట్టంలో రాసుకోవడం వల్ల వచ్చే రాపిడే ఊపును ఆపుతుంది. కదలిక నెమ్మదైనా వేగమైనా రాపిడి దాదాపు ఒకేలా ఉంటుంది, దాని లోపమంతా అక్కడే ఉంది. నూనె షాకులో పిస్టన్‌కు సన్నని రంధ్రాలుంటాయి. పిస్టన్ నెమ్మదిగా కదిలితే నూనె ఇబ్బంది లేకుండా జారిపోతుంది, దెబ్బకు కదిలితే రంధ్రాల దగ్గర ఇరుక్కుని ఎదురు తిరుగుతుంది. వంపులో కారు మెల్లగా ఒరిగేటప్పుడు ఒక తీరు, అంచు రాయి మీద ఎగిరిపడ్డప్పుడు ఇంకో తీరు. ఏ తీర్పు ఎప్పుడివ్వాలో ఆ రంధ్రాలే చూసుకుంటాయి. దీన్ని నింపడం ఒక పూట పని. సిలికాన్ నూనె అంచు దాకా పోసి, పిస్టన్‌ను నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి, బుడగలన్నీ పైకి తేలేదాకా నిలబెట్టి వదిలేయాలి. లోపల ఒక్క బుడగ మిగిలినా అక్కడ పిస్టన్ నూనెను కాక గాలిని నొక్కుతుంది. కడ్డీ లోపలికి వచ్చినప్పుడు దాని మందం మేరకు నూనె ఎక్కడికో జరగాలి కదా, అందుకోసం మూత కింద పల్చని రబ్బరు పొర ఒకటి పెడతారు. నాలుగు షాకులనూ బల్ల మీద నిలబెట్టి కడ్డీలు నొక్కి వదిలితే నాలుగూ ఒకే వేగంతో లేవాలి. లేవకపోతే మళ్లీ విప్పాల్సిందే.

స్టీరింగ్ దగ్గర సర్వో సేవర్ అనే భాగం ఉంటుంది. సర్వో అంటే రేడియో ఆజ్ఞ ప్రకారం చక్రాలను తిప్పే చిన్న మోటారు పెట్టె, లోపలంతా సన్నని పళ్ల గేర్లు. ముందు చక్రం గోడను గుద్దుకుంటే ఆ దెబ్బ స్టీరింగ్ కడ్డీల గుండా నేరుగా గేర్ల మీద పడాలి. మధ్యలో స్ప్రింగు పట్టుతో నిలిచిన ఈ కాలరు ఆ క్షణానికి లొంగి, దెబ్బ పోయాక తన చోటికి తిరిగొస్తుంది. మామూలు తిప్పుడుకు బిగువుగా, దెబ్బకు మాత్రం మెత్తగా ఉండేలా స్ప్రింగును ఎంచడంలోనే పనితనమంతా ఉంది. కొన్ని రూపాయల ప్లాస్టిక్ ముక్క, అంతకు ఎన్నో రెట్ల ఖరీదున్న సర్వోను కాపాడుతుంది. ఇక చేతులు విరగడం మామూలే. అంటే సస్పెన్షన్ చేతులు. విరిగిన చెయ్యి ఒక్కటే కొందామంటే దొరకదు, అది ఉన్న ప్లాస్టిక్ చట్రం మొత్తం కొనాలి. మొదటిసారి ఇది దోపిడీలా అనిపిస్తుంది. ఆ చట్రంలో మిగిలిన భాగాలతో డబ్బా నిండాక అనిపించదు.

పై తొడుగు పాలికార్బొనేట్ రేకు. దీనికి రంగు లోపలి వైపు నుంచి వేస్తారు. బయటి నునుపు రేకుదే కాబట్టి, కారు బోర్లా పడి ఈడ్చుకుపోయినా గీతలు రేకు మీద పడతాయి తప్ప రంగు లేచిపోదు. లోపలినుంచి వేయడమంటే వరస తలకిందులవుతుంది. బయటికి ముందుగా కనిపించాల్సిన గీతలు, అంకెలు మొదట వేయాలి. ముదురు రంగులు ముందు, లేత రంగులు తర్వాత. లేతది ముందు వేస్తే దాని వెనక వేసిన నలుపు బయటికి తొంగి చూస్తుంది. చివరగా పైనున్న రక్షణ పొర ఊడదీసినప్పుడు గానీ తన పని ఎలా కుదిరిందో చేసినవాడికే తెలియదు.

పై తరగతి కారులో ప్లాస్టిక్ తొట్టి చోట రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మందమున్న కార్బన్ ఫైబర్ పలక, కడ్డీ చోట రెండు బెల్టులు, గ్రీజు చోట సిలికాన్ నూనె నింపిన డిఫరెన్షియల్ ఉంటాయి. దాని యజమాని పలక అంచులను సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, పొరలు విడిపోకుండా సూపర్ గ్లూ పట్టిస్తాడు. పినియన్‌కూ స్పర్‌కూ మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి మోటారు బిగించి, తర్వాత కాగితం లాగేస్తాడు. పళ్ల మధ్య ఎంత ఎడం ఉండాలో ఆ కాగితమే కొలిచి ఇచ్చింది. నేల నుంచి ఛాసిస్ అడుగు అయిదు మిల్లీమీటర్లా, అయిదుంపావా అన్నది అక్కడ పెద్ద చర్చ. అదంతా చక్కటి పనే. కానీ అక్కడ చెల్లించే డబ్బులో ఎక్కువ భాగం ఆఖరి అరసెకను కోసం.

మన దేశంలో ఈ లెక్కకు ఇంకో పద్దు చేరుతుంది. నడిచినా నడవకపోయినా చిన్న నమూనాలన్నీ కస్టమ్స్ పుస్తకంలో ఆటవస్తువులే. ఆటవస్తువుల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్‌లో ఇరవై శాతం నుంచి అరవైకి, 2023లో డెబ్బైకి పెంచారు. అందుకే హైదరాబాదులోనో విశాఖలోనో ఈ సరదా ఉన్నవాళ్లు అమెరికా నుంచి వచ్చే బంధువుల పెట్టెల మీద ఆశ పెట్టుకుంటారు. బ్యాటరీ తెప్పించుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. విడి లిథియం బ్యాటరీ విమానం కింద వేసే సామానులో పనికిరాదు, చేతి సంచిలోనే రావాలి. కొనలు తాకకుండా టేపు చుట్టి ఉండాలి.

పందెంలో డబ్బు అసలు ఎక్కడ కారిపోతుందో అర్థం కావాలంటే పాత రోజులు చూడాలి. 1980లు, 90లలో బ్యాటరీ అంటే ఆరు నికెల్ కాడ్మియం సెల్స్, మొత్తం 7.2 వోల్టులు. ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెండు సెల్స్ ఒకేలా ఉండవు. ఆరింటిలో బలహీనమైనది ముందు ఖాళీ అయితే మిగతా ఐదూ ఉన్నా లేనట్టే. అందుకని కొందరు వ్యాపారులు వేల సెల్స్‌ను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఎన్ని సెకన్లు నిలిచిందో, సగటు వోల్టేజి ఎంతో చీటీ మీద రాసి, జత కుదిరిన ఆరింటిని మామూలు ధరకు ఎన్నో రెట్లకు అమ్మేవారు. పందెగాళ్లు వాటిని మూతికి మూతి చేర్చి రాగి పట్టీలతో టంకం పెట్టుకునేవారు. కొన్ని పందేలకే వాటి పదును పోయేది, మళ్లీ కొనాలి. మోటారు సంగతీ అంతే. బొగ్గు బ్రష్షులు అరిగేవి, కమ్యుటేటర్ నల్లబడేది. దాన్ని నునుపు చేయడానికి చేతి సంచిలో పట్టేంత లేత్ యంత్రం పందెం బల్ల మీదే ఉండేది.

అప్పటి నాలుగు నిమిషాల పందెంలో 1,700 మిల్లీఆంపియర్ అవర్ల ప్యాక్ అంటే సగటున పాతికన్నర ఆంపియర్ల కంటే ఎక్కువ లాగకూడదు. లాగితే ఆఖరి చుట్టులో కారు నడవలేక నిలబడిపోతుంది. గేరు ఎంచడమంటే బ్యాటరీని పొదుపు చేయడమే. ఇప్పటి 6,000 ప్యాక్‌తో ఐదు నిమిషాల పందెంలో అదే లెక్క వేస్తే 72 ఆంపియర్లు వస్తుంది. తక్కువ వేగపు తరగతుల్లో ఏ కారూ సగటున అంత లాగదు. బ్యాటరీ అడ్డంకిగా ఉండడం మానేసింది. ఇప్పుడు గేరు ఎక్కడ ఆగాలో చెప్పేది మోటారు వేడి. ఒకే లిథియం పాలిమర్ ప్యాక్‌తో జాగ్రత్తగా వాడితే రెండు మూడేళ్లు లాగించవచ్చు. చవకైనది, ప్రమాదకరమైనది ఒకే వస్తువు కావడమే ఇక్కడి తమాషా.

ఖర్చు ఒక చోట ఆగితే ఇంకో చోట పుడుతుంది. బ్రష్షులు లేని మోటారు వచ్చాక, స్పీడ్ కంట్రోలర్‌లోని ప్రోగ్రాముతో మోటారు టైమింగ్‌ను ముందుకు జరిపి నెమ్మది మోటారును వేగంగా తిప్పే విద్య మొదలైంది. కొత్త ప్రోగ్రాము వచ్చినప్పుడల్లా పాత కంట్రోలర్ చెత్తే. దానికి నిర్వాహకులు కనిపెట్టిన విరుగుడు నాకు చాలా ఇష్టం. ఆ విద్యను పూర్తిగా ఆపేసిన స్థితిలో ఉంటే కంట్రోలర్ మీది చిన్న దీపం ఆగి ఆగి వెలగాలి. తనిఖీ చేసేవాడు కారు విప్పనక్కర్లేదు, కంప్యూటరు తగిలించనక్కర్లేదు. దీపం మినుకుమంటుంటే సరే, లేదంటే బయటికే. ఆ తరగతిని ఆ దీపం పేరు మీదే బ్లింకీ అంటారు. అలాగే విప్పడానికి వీలు లేని వెండి రంగు 540 మోటారుతోనే నడిపే తరగతులు, అందరికీ ఒకే రకం టైర్లు, ఒక పందేనికి ఎన్ని జతలో ముందే గుర్తు వేసి ఇచ్చే పద్ధతులు ఉన్నాయి. టైర్ల ఖర్చును తక్కువ అంచనా వేసినవాడు ఇంట్లో లెక్క చెప్పలేక ఇబ్బంది పడతాడు.

ఖర్చును అదుపులో పెట్టే నియమాలూ, ప్రమాదాన్ని అదుపులో పెట్టే నియమాలూ చివరికి ఒకే పనిముట్టు మీద నిలబడతాయి. అది కొలిచే మీటరు. ఆ మాట రుజువయ్యేది బ్యాటరీ దగ్గర.

పందెం ప్యాక్ పొడవు 139, వెడల్పు 47, ఎత్తు 25.1 మిల్లీమీటర్లు మించకూడదన్నది అమెరికా సంఘం రోర్ పెట్టిన హద్దు. పైన గట్టి ప్లాస్టిక్ పెట్టె, లోపల వరసగా కలిపిన రెండు మెత్తని సెల్స్. సెల్‌ను కోయకూడదు, కానీ లోపల ఏముందో తెలుసుకోవచ్చు. మనిషి వెంట్రుక మందం కూడా లేని రాగి రేకు మీద గ్రాఫైట్ పూత, అలాంటిదే అల్యూమినియం రేకు మీద లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పూత. రెండిటి మధ్యా సన్నని రంధ్రాలున్న ప్లాస్టిక్ తెర, దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. ఆత్రేయపురం పూతరేకులా పొర మీద పొర మడిచి, చివర్లు వెల్డింగ్ చేసి, అల్యూమినియం పొరలున్న సంచిలో పెట్టి, లిథియం లవణం కరిగిన ద్రవం పోసి మూస్తారు. ఆ ద్రవం మండే స్వభావం ఉన్నది.

ఫ్యాక్టరీలో జరిగే ఒక పని గురించి చెప్పకుండా ఉండలేను. కొత్త సెల్‌ను మొదటిసారి ఛార్జ్ చేసినప్పుడు ద్రవంలో కొంత గ్రాఫైట్ మీద విరిగి, అతి పల్చని పొరగా పేరుకుంటుంది. ఆ పొర లిథియం అయాన్లను పోనిస్తుంది, ద్రవం ఇంకా విరగకుండా అడ్డుకుంటుంది. సెల్ ఆయుష్షంతా దాని చలవే. ఆ క్రమంలో వాయువు పుడుతుంది. అందుకని సంచిని ముందే కావలసినదాని కంటే పెద్దదిగా, పక్కన ఒక జేబుతో చేస్తారు. వాయువు ఆ జేబులోకి చేరాక, గాలి లాగేసి, జేబు కోసేసి, అంచును మళ్లీ వేడితో అతికిస్తారు. మనకు అమ్మే సెల్ అప్పటికే ఒకసారి పొంగి, నెమ్మదించి వచ్చినదన్న మాట. రెండోసారి పొంగిందంటే అర్థం వేరు.

పూర్తి ఛార్జ్ అంటే ఒక సెల్‌కు 4.2 వోల్టులు, ఈ అంకె ఊరికే పెట్టింది కాదు. అక్కడికి వచ్చేసరికి కోబాల్ట్ ఆక్సైడ్‌లో ఉన్న లిథియంలో దాదాపు సగం గ్రాఫైట్ వైపు వెళ్లిపోయి ఉంటుంది. ఇంకా లాగితే మిగిలిన కట్టడం నిలవదు, ఆక్సిజన్ వదలడానికి సిద్ధమవుతుంది. అవతల గ్రాఫైట్‌లో చోటు చాలక లిథియం లోహంగా పైపైనే పేరుకుంటుంది. కింది హద్దు మూడు వోల్టులు. దాన్ని దాటి ఇంకా ఇంకా దిగితే రాగి రేకే కరగడం మొదలుపెడుతుంది. కంట్రోలర్‌లో సెల్‌కు 3.2 వోల్టుల దగ్గర బలం ఆపేసే ఏర్పాటు ఉంటుంది. నికెల్ కాలపు పాత కంట్రోలర్‌లో ఇది ఉండదు. పెద్దన్నయ్య పాత కారుకు తమ్ముడు కొత్త బ్యాటరీ తగిలిస్తే ఆ బ్యాటరీ మొదటి రోజే చచ్చిపోవచ్చు.

లిథియం ఛార్జరు పని చేసే తీరు రెండు అంకాలు. మొదట మారని కరెంటు. 6,000 ప్యాక్‌కు ఆరు ఆంపియర్లు, దాన్నే వన్ సీ అంటారు, దాదాపు గంట పని. ప్యాక్ 8.4 వోల్టులు చేరగానే రెండో అంకం. ఇప్పుడు వోల్టేజి కదలదు, కరెంటే తనంత తాను తగ్గుతూ తగ్గుతూ చివరికి ఆగిపోతుంది. ఇందులో మోసం ఒకటుంది. మొత్తం 8.4 చూపిస్తున్నా, లోపల ఒక సెల్ 4.35, ఇంకోటి 4.05 అయి ఉండవచ్చు. మొత్తం సరిపోయింది, కానీ ఒక సెల్ అగ్గి అంచున ఉంది. అందుకే ప్యాక్ నడుమ నుంచి ఒక సన్నని తీగ బయటికి తెస్తారు. అదే బ్యాలెన్స్ తీగ. దాని ద్వారా ఛార్జరు ఒక్కో సెల్‌నూ విడివిడిగా చదివి, ఎక్కువున్నదాన్ని చిన్న రెసిస్టర్ గుండా కొద్దికొద్దిగా ఖాళీ చేస్తూ రెండిటినీ సమం చేస్తుంది. ఆ తీగ తగిలించకుండా ఛార్జ్ చేసేవాళ్లు తొందరలో ఉన్నవాళ్లు.

అంతకంటే పెద్ద తప్పు ఛార్జరును నికెల్ బ్యాటరీ పద్ధతిలో ఉంచడం. నికెల్ సెల్ నిండగానే దాని వోల్టేజి కొద్దిగా పడుతుంది. ఆ పాటు చూసి ఛార్జరు ఆగుతుంది. లిథియం సెల్ నిండినా వోల్టేజి పడదు, పెరుగుతూనే పోతుంది. ఆగమనే సంకేతం ఎప్పటికీ రాని చోట ఛార్జరు ఆగదు. ఆ తర్వాత జరిగేది మెట్లు మెట్లుగా ఉంటుంది. వంద డిగ్రీల పరిసరాల్లో ఆ పల్చని రక్షణ పొర విరుగుతుంది. నూట ముప్పై దగ్గర మధ్య తెర కరుగుతుంది. రెండు పూతలూ తాకుతాయి, వేడి ఇంకా పెరుగుతుంది, కోబాల్ట్ ఆక్సైడ్ ఆక్సిజన్ వదులుతుంది. ఆ మంటకు బయటి గాలి కూడా అక్కర్లేదు. వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి ముందు మనుషులు బయటికి పోవాలి. లిథియం అంటే నీళ్లు పోయకూడదని ఒక నమ్మకం ఉంది. అది లిథియం లోహం సంగతి. ఈ బ్యాటరీలో మెట్టు మెట్టుకూ ఎక్కే వేడిని దించేది ఎక్కువ నీళ్లే.

బ్రిటన్ సంఘం పందేల్లో ఛార్జింగ్ అంతా మంటకు ఓర్చే సంచిలోనే జరగాలని నియమం. గాజు నారతో నేసిన ఆ సంచి మంటను పూర్తిగా ఆపదు, పొగనైతే అసలు ఆపదు, కానీ పక్కనున్న కర్టెన్ అంటుకోకుండా కాస్త వ్యవధి ఇస్తుంది. ఇంట్లో అయితే రాతి గచ్చు మీద, కిటికీ దగ్గర, కళ్ల ముందు ఉండాలి. లోహపు పెట్టెలో పెడితే మూత బిగించకూడదు, వాయువుకు దారి లేకపోతే పెట్టే బాంబవుతుంది. కొత్త ప్లగ్గు టంకం పెట్టేటప్పుడు రెండు తీగలూ ఒకేసారి కత్తిరించకూడదు. కత్తెర రెంటినీ కలిపిన క్షణంలో ఏమవుతుందో ఆ కత్తెర మీది గుంతలు చూసినవాళ్లకు తెలుసు. ఒకటి కోసి, టంకం పెట్టి, ట్యూబు ఎక్కించి, అప్పుడు రెండోది.

మన ఎండలకు ప్రత్యేకంగా ఒక మాట. రామగుండంలో, విజయవాడలో మే నెలలో నీడలోనే నలభై అయిదు దాకా పోతుంది. ఎండలో ఆపిన కారు డిక్కీలో దానికి ఇంకెంతో చేరుతుంది. నిండా ఛార్జ్ చేసిన ప్యాక్‌ను అక్కడ వదలడం అంటే దాన్ని రోజూ కొంచెం కొంచెంగా చంపడం. పందెం ముగిసిన వెంటనే వేడి మీదున్న ప్యాక్‌ను ఛార్జరుకు తగిలించడమూ అంతే, చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి.

అనుభవమున్నవాళ్లు వోల్టేజి కంటే ఎక్కువ నమ్మేది లోపలి నిరోధాన్ని. మంచి ఛార్జరు దాన్ని సెల్‌వారీగా మిల్లీఓమ్‌లలో చూపిస్తుంది. యాభై ఆంపియర్లు లాగినప్పుడు రెండు మిల్లీఓమ్‌ల సెల్ పదో వంతు వోల్టు పోగొట్టుకుని అయిదు వాట్ల వేడి పుట్టిస్తుంది. అదే ఆరు మిల్లీఓమ్‌లైతే నష్టం 0.3 వోల్టులు, వేడి పదిహేను వాట్లు. కారు నెమ్మదించడానికీ బ్యాటరీ వేడెక్కడానికీ కారణం ఒకటే అంకె. నెలనెలా దాన్ని ప్యాక్ మీద మార్కరుతో రాసుకునేవాడికి కొత్త బ్యాటరీ ఎప్పుడు కొనాలో ప్రకటనలు చెప్పక్కర్లేదు. పాతదాన్ని ఎప్పుడు ఆపేయాలో ఉబ్బు కనిపించేదాకా ఆగక్కర్లేదు.

పందెం రోజు ఇవన్నీ ఒక వరసలో కనిపిస్తాయి. తనిఖీ బల్ల మీద కారును తూస్తారు, అడుగు ఎత్తు చూస్తారు, ప్యాక్ రెండు కొనలకూ మీటరు పెడతారు. హద్దు దాటిన వోల్టేజి ఉంటే అది వేగం కోసం చేసిన మోసమూ అవుతుంది, అగ్గికి పెట్టిన అంచూ అవుతుంది, రెండిటికీ శిక్ష ఒకటే. దీపం మినుకుమంటోందా అని చూసి పంపిస్తారు. దారి కింద పూడ్చిన తీగ, కారులోని ట్రాన్స్‌పాండర్ పలికే సంకేతం అందుకుని ప్రతి చుట్టునూ లెక్క పెడుతుంది. ఐదు నిమిషాలు. తిరిగొచ్చాక మోటారు మీద ఉష్ణమాపకం పెట్టి, వేడి ఎక్కువుంటే పినియన్‌కు ఒక పన్ను తగ్గిస్తారు. చల్లారిన ప్యాక్ తిరిగి ఎన్ని మిల్లీఆంపియర్ అవర్లు తాగిందో ఛార్జరు చెబుతుంది, పందెంలో ఎంత ఖర్చయిందన్న దానికి అదే జమాఖర్చు.

వారం దాకా పని లేదంటే ఛార్జరులో స్టోరేజ్ పద్ధతి ఎంచి, సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఆపి, ఇంట్లో చల్లని చోట పెడతారు. ఉబ్బిన ప్యాక్‌ను మాత్రం గుచ్చి చదును చేయాలని చూడకూడదు. చిన్న బల్బు తగిలించి, ఆరుబయట, నెమ్మదిగా పూర్తిగా ఖాళీ చేసి, కొనలకు టేపు వేసి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీని మామూలు చెత్తలో కలపకూడదు. కలిపితే, చెత్త బండిలోని ఇనప పలక దాన్ని నలిపినప్పుడు అంటుకునేది పక్కనున్న కాగితాలూ ప్లాస్టిక్కూ, ఆ తర్వాత బండే.